రెండు లక్షల టోకెన్ ఇచ్చాక చదివిన ఈసీ

2023 జనవరిలో, సంక్రాంతికి ఊరెళ్ళే ముందు రోజు, హైదరాబాద్ శివారు బాచుపల్లిలో కడుతున్న ఒక కొత్త అపార్ట్‌మెంట్‌లో 103 నంబరు ఫ్లాట్‌కి 2 లక్షలు టోకెన్ ఇచ్చాం. స్టిల్ట్ (కింద పార్కింగ్ కోసం వదిలిన అంతస్తు) మీద ఐదంతస్తులు, మొత్తం 25 ఫ్లాట్లు. మాది మొదటి అంతస్తు, తూర్పు ముఖం, 1,240 అడుగులు, ధర 62 లక్షలు. పదకొండేళ్ళుగా నిజాంపేటలో అద్దెకే ఉన్నాం, నాలుగు ఇళ్ళు మారాం. చివరి ఓనరుగారు కొడుకు పెళ్ళి కుదిరిందని, రెండు నెలల్లో ఖాళీ చేయమని అడిగారు. పాప తొమ్మిదో తరగతికి వస్తోంది. మళ్ళీ అట్టపెట్టెలు తెచ్చి గిన్నెలు సర్దడం ఇక నావల్ల కాదనిపించింది. ఆ ఊపులో టోకెన్ ఇచ్చేశాం. అందులోంచి ఎలా బయటపడ్డామో, ఆ తర్వాత ఇల్లు ఎలా కొన్నామో ఇప్పుడు వెతుక్కుంటున్నవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

టోకెన్ ఇచ్చే ముందు మేము ఏమీ చూడలేదని కాదు. చాలా చూశాం. వంటింటి గట్టు ఎత్తు చూశాం, బోరు ఎన్ని అడుగులో అడిగాం, వాస్తు చూసే ఆయన్ని తీసుకెళ్ళాం, మధ్యాహ్నం మూడింటికి హాల్లో వెలుతురు ఎలా ఉందో చూడ్డానికి మావారు ప్రత్యేకంగా ఆఫీసుకు సెలవు పెట్టారు. బిల్డరుగారు ఒక ఫైలు కూడా ఇచ్చారు. అందులో ప్లాన్ కాపీ, లింక్ డాక్యుమెంట్ల (ఆ స్థలం పాత దస్తావేజుల) జిరాక్సులు, ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, అన్నీ ఉన్నాయి. తిరగేశాం. స్టాంపులు, సంతకాలు ఉన్నాయి కదా, అంతా సరిగ్గానే ఉందనుకున్నాం. ఫైలు ఉండటం వేరు, దాన్ని చదవడం వేరు అని అప్పటికి తెలియదు.

భీమవరంలో మా మావయ్య ముప్పై ఏళ్ళకు పైగా దస్తావేజులు రాశాడు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా చిన్న బల్ల, కుర్చీ, అంతే ఆయన ఆఫీసు. ఇప్పుడు కళ్ళు ఆనక మానేశాడు. భోగి రోజు భోజనాలయ్యాక సంబరంగా ఆ ఫైలు ఆయన చేతిలో పెట్టాను. ప్లాన్ చూడలేదు, బ్రోచర్ చూడలేదు. టేబుల్ మీద తడి తుడిపించి, పాప దగ్గర స్కేలు, పెన్సిలు అడిగి తీసుకుని, ఈసీ ముందు పెట్టుకున్నాడు. ఒక్కో వరుస కింద స్కేలు ఆనించి, కింది వరుసలు కనపడకుండా చేతి రుమాలు అడ్డం పెట్టి, ఒక్కో గడీ పైకి చదువుతున్నాడు. ఆస్తి వివరం, తేదీ, ఏ రకం దస్తావేజు, ఎవరు రాసిచ్చారు, ఎవరికి రాసిచ్చారు. ఒక వరుస పూర్తయితే పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి స్కేలు కిందికి జరుపుతాడు. మొదటిది స్థలం అమ్మకం. రెండోది స్థలం ఓనర్లు బిల్డరుకి ఇచ్చిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ, అంటే కట్టుకుని తన వాటా అమ్ముకునే అధికారం. మూడో వరుస దగ్గర స్కేలు ఆగిపోయింది.

"నీ ఫ్లాట్ నంబరెంత అమ్మాయ్?"

"103 మావయ్యా."

"రాసిచ్చింది బిల్డరు. రాయించుకున్నది మెట్రోపాలిటన్ కమిషనర్, హెచ్‌ఎండీఏ. దస్తావేజు తనఖా. ఆస్తి 101, 102, 103." కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. "ఇది నీకు అమ్మే హక్కు ప్రస్తుతం అతని చేతిలో లేదమ్మా."

నాకు అప్పటికప్పుడు ఏమీ అర్థం కాలేదు. బిల్డరు ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకున్నాడేమో అనుకున్నాను. మావయ్య చెప్పాక తెలిసింది అది అప్పు కాదని. అపార్ట్‌మెంట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు, కట్టే మొత్తం విస్తీర్ణంలో 10 శాతాన్ని బిల్డరు అనుమతి ఇచ్చే సంస్థకు, ఇక్కడైతే హెచ్‌ఎండీఏకి, తనఖా పెట్టాలి. హైదరాబాద్‌లో 2012లో వచ్చిన జీవో 168లోనూ ఈ నిబంధన ఉంది. ప్లాన్ ప్రకారమే కట్టాడని చూసి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అదే మనం ఓసీ అంటామే, అది ఇచ్చాకే ఆ తనఖా విడుదల చేస్తారు. కట్టడం ప్లాన్ దాటితే ఆ ఫ్లాట్లు ఇరుక్కుపోతాయి. అంటే మొత్తం 25లో మిగతా 22 ఫ్లాట్లకంటే ముందు ఇబ్బంది పడేవి ఆ మూడే. అందులో ఒకటి మేము ఏరి కోరి పట్టుకున్నాం. మొదటి అంతస్తు ధర చదరపు అడుక్కి 200 తక్కువ చెప్పినప్పుడు ఎందుకని అడగకుండా, బేరం బాగా కుదిరిందని సంతోషించాం.

మర్నాడే బిల్డరుగారికి ఫోన్ చేశాను. "అది అన్ని అపార్ట్‌మెంట్లకీ ఉంటుంది మేడమ్, ఫార్మాలిటీ. పది రోజుల్లో ఓసీ వచ్చేస్తుంది" అన్నారు. ఇందులో మొదటి మాట నిజమే. కొత్త అపార్ట్‌మెంట్‌లో తనఖా ఉందని భయపడక్కర్లేదు, అది మామూలే. అది మన ఫ్లాట్ మీద ఉందా, ఓసీ నిజంగా వచ్చేలా ఉందా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. మావయ్యకు చెప్తే, "మీరు డాబా మీదికెక్కి చూశారా?" అన్నాడు. మూడుసార్లు వెళ్ళాం, ఒక్కసారీ ఎక్కలేదు.

పండగయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే, ఎవరికీ చెప్పకుండా వెళ్ళాం. లిఫ్ట్ ఇంకా పెట్టలేదు, మెట్ల మీద సిమెంటు బస్తాలు. డాబా మీద సగం మేర అప్పటికే నడుం ఎత్తు గోడలు లేచాయి. మూలన కొత్తగా పైపులు దించి, బాత్‌రూముకి పల్లం వేసి ఉంది. వంటింటి గట్టుకి గ్రానైట్ బండ గోడకి ఆనించి పెట్టారు. పని చేస్తున్న మేస్త్రీని అడిగితే "పెంట్‌హౌస్ అమ్మా, సార్ వాళ్ళ బంధువులకంట" అన్నాడు. ప్లాన్‌లో స్టిల్ట్ ప్లస్ ఐదు. నిజంగా కడుతున్నది ఆరు. మావారు ఫోన్‌లో ప్లాన్ ఫొటో తీసి చూస్తూ పిట్టగోడ దగ్గర నిలబడిపోయారు. ఆ గోడలు లేస్తుంటే ఓసీ ఎలా వస్తుంది? ఓసీ రాకపోతే తనఖా ఎలా పోతుంది? మాకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది.

అప్పుడు బిల్డరుగారు ఇంకో దారి చెప్పారు. ఇప్పుడు 20 లక్షలు కట్టి నోటరీ అగ్రిమెంట్ రాసుకుందాం, రిజిస్ట్రేషన్ ఓసీ వచ్చాక చేసుకుందాం, ప్రైవేట్ ఫైనాన్స్‌లో లోన్ నేనే ఇప్పిస్తాను అని. ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకు వచ్చిన రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. 62 లక్షల్లో 10 శాతమంటే 6 లక్షల 20 వేలు. ఈ మాట నేను చదివి చెప్పేసరికి ఆయన గొంతు మారింది. "మీకు నమ్మకం లేకపోతే వదిలేయండి" అన్నారు. వదిలేశాం. టోకెన్ డబ్బు అకౌంట్ నుంచి పంపాం, వాళ్ళ లెటర్‌హెడ్ మీద రసీదు తీసుకున్నాం, అది మమ్మల్ని కాపాడింది. మూడు నెలలు తిరిగితే లక్ష ఒకసారి, యాభై వేలు ఒకసారి వచ్చాయి. మిగతా యాభై వేలు రాలేదు. రెరాకి ఫిర్యాదు చేద్దామని మావారు, ఇక అటువైపు చూడొద్దని నేను. ఇప్పుడనిపిస్తుంది, చేయాల్సింది. మా తర్వాత ఆ 103 చూడ్డానికి వచ్చినవాళ్ళకైనా ఉపయోగపడేది.

ఈ దెబ్బతో వెతికే తీరే మారిపోయింది. ముందు కాగితాలు, తర్వాతే ఇల్లు చూడ్డం అని మేమిద్దరం ఒట్టు పెట్టుకున్నాం. మీడియేటర్ ఫోన్ చేస్తే "ఈసీ, ప్లాన్, ఓసీ వాట్సాప్‌లో పెట్టండి, చూశాక వస్తాం" అనేదాన్ని. చాలామంది మళ్ళీ ఫోన్ చేయలేదు. నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ 2019లో కలిసి మున్సిపల్ కార్పొరేషన్ అయ్యేదాకా గ్రామ పంచాయతీలే. అందుకని ఈ చుట్టుపక్కల పాత అపార్ట్‌మెంట్లలో పంచాయతీ కాగితం మీద రెండంతస్తులు, ఎదురుగా ఐదంతస్తులు ఉన్నవి మాకే మూడు చూపించారు. ధర బాగా తక్కువ. "అందరూ ఉంటున్నారు కదండీ" అంటారు. ఉంటున్నారు నిజమే, కానీ మనం అమ్ముకోవాల్సి వచ్చిన రోజు కొనేవాడికి బ్యాంకు లోన్ ఇవ్వాలి కదా. ఇంకొకటి, చెరువు కనపడే బాల్కనీ. పాపకి తెగ నచ్చింది. చెరువు పూర్తి నీటిమట్టం గీత, అంటే ఎఫ్‌టీఎల్ ఎక్కడుందో, దాని అవతల బఫర్ ఎంతో చూసుకోవాలని అప్పటికి తెలుసుకున్నాను. పది హెక్టార్లకు మించిన చెరువుకైతే 30 మీటర్లు వదలాలి. ఆ భవనం గీతకి దగ్గరగా ఉందని అనుమానం వచ్చి మానుకున్నాం. ఏడాది తిరిగాక, 2024 జులైలో ప్రభుత్వం కొత్తగా పెట్టిన హైడ్రా సంస్థ వచ్చి చెరువుల్లో కట్టినవి కూల్చడం మొదలుపెట్టినప్పుడు టీవీ ముందు కూర్చుని మేమిద్దరం మాట్లాడుకోలేకపోయాం. ఆ వార్తల్లో సామాను రోడ్డు మీద పెట్టుకుని ఏడ్చినవాళ్ళలో మాలాంటి కుటుంబాలు ఎన్నో. వాళ్ళూ పొదుపు చేసుకునే కొనుంటారు.

మార్చి చివర్లో ప్రగతినగర్‌లో ఒక పాత ఫ్లాట్ దొరికింది. 2014లో కట్టిన భవనం, హెచ్‌ఎండీఏ అనుమతి, ఓసీ రెండూ ఉన్నాయి. 15 ఫ్లాట్లు, 620 గజాల స్థలం. మూడో అంతస్తులో 1,150 అడుగులు, పడమర ముఖం. రిటైరైన దంపతులు, ఆంటీ పేరు మీద ఉంది. బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు. 57 చెప్పి 54 లక్షలకు ఒప్పుకున్నారు. పూర్తయి ఓసీ వచ్చిన పాత ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ లేదు. ఆ కొత్త ఫ్లాట్‌కైతే ఓసీ రాకముందు కొంటున్నందుకు 5 శాతం, అంటే 3 లక్షల పైన కట్టాల్సి వచ్చేది.

మావయ్య చెప్పిన రెండు లెక్కలు చేశాను. ఒకటి టేపుతో. గోడ నుంచి గోడకి, గది గదికీ కొలిచి రాసుకుంటే 810 అడుగులొచ్చింది. మిగతా 340 మెట్లు, లిఫ్ట్, కారిడార్, గోడల మందం. ధర మాట్లాడేది 1,150కి, కాలు పెట్టుకుని తిరిగేది 810లో. రెండోది స్థలం వాటా, యూడీఎస్. మా దస్తావేజులో 42 గజాలు. 620ని 15తో భాగిస్తే 41 పైచిలుకు, కాబట్టి సరిపోయింది. కొన్ని చోట్ల బిల్డరు కొంత వాటా తన పేరు మీదే ఉంచుకుని ఫ్లాట్లకు తక్కువ రాస్తాడట. యాభై ఏళ్ళకు భవనం పాతబడిపోయినా మిగిలేది ఆ 42 గజాలే కాబట్టి, టైల్స్ కంటే ముందు దాన్ని చూడమంటాడు మావయ్య.

బేరం కుదిరాక ఒక చిక్కు వచ్చింది. అంకుల్ మొహమాటపడుతూనే, 38 లక్షలకు రిజిస్ట్రేషన్ చేసి మిగతాది క్యాష్ ఇవ్వగలరా అని అడిగారు. లాభం మీద ట్యాక్స్ పడుతుందని ఎవరో భయపెట్టారు. మా దగ్గర అంత నగదు లేదు, ఉన్నా ఇవ్వదలచుకోలేదు. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టరీత్యా తప్పు, పట్టుబడితే తీసుకున్నవాళ్ళ మీదే అంత పెనాల్టీ. పైగా దస్తావేజులో చూపిన ధరని బట్టే బ్యాంకు లోన్. వాళ్ళతో గొడవ పడకుండా, నా స్నేహితురాలి భర్త ఆడిటర్, ఆయన దగ్గరికి అంకుల్‌ని మావారే స్కూటర్ మీద తీసుకెళ్ళారు. ఇల్లు అమ్మిన లాభంతో మళ్ళీ ఇల్లు కొంటే ఆదాయపు పన్ను చట్టం 54వ సెక్షన్ కింద మినహాయింపు ఉందని ఆయన చెప్పారు. వాళ్ళు బెంగళూరులో ఎలాగూ కొనబోతున్నారు. సాయంత్రం ఆంటీ ఫోన్ చేసి "మొత్తం తెల్ల డబ్బే అమ్మా, మాకూ నిద్ర పడుతుంది" అన్నారు.

ఏప్రిల్‌లో లక్ష టోకెన్, వారానికి 5 లక్షలతో అగ్రిమెంట్. ఈసారి టోకెన్ ఇవ్వక ముందే ఈసీ తీశాను. రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో 1983 నుంచి ఆన్‌లైన్లో దొరుకుతుంది. అంతకుముందుది కావాలంటే ఆఫీసులో అప్లికేషన్ పెట్టి తీయించాలి. నేనే స్కేలు పెట్టుకుని, మావయ్య చదివినట్టే పైకి చదివాను. ఐదో వరుసలో ఆంటీ ఒక బ్యాంకుకి రాసిచ్చిన ఎంఓడీటీ కనిపించింది, అంటే హక్కు పత్రాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకున్నట్టు. విడుదల చేసినట్టు ఇంకో వరుస ఉండాలి. లేదు.

"ఆ లోన్ 2019లోనే కట్టేశాం కదమ్మా, ఒరిజినల్స్ కూడా బీరువాలో ఉన్నాయి" అని ఆంటీ కంగారుపడ్డారు. నిజంగానే ఉన్నాయి, చూపించారు. బ్యాంకు కాగితాలు తిరిగిచ్చింది కానీ రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వచ్చి విడుదల దస్తావేజు రాసివ్వలేదు. అడగాలని వీళ్ళకు తెలియదు, చెప్పాలని వాళ్ళు అనుకోలేదు. నాలుగేళ్ళుగా ఎవరికీ అవసరం పడలేదు కాబట్టి బయటపడలేదు. అగ్రిమెంట్‌లో "విడుదల రిజిస్టర్ అయ్యాకే మిగతా చెల్లింపు" అని ఒక వాక్యం రాయించుకున్నాం. ఆ తర్వాత అంకుల్, మావారు కలిసి ఆ బ్రాంచి చుట్టూ 26 రోజులు తిరిగారు. సంతకం పెట్టే అధికారం ఉన్నవారు ట్రాన్స్‌ఫర్ అయ్యారు, పాత ఫైలు ఇంకో ఊరి గోడౌన్‌లో ఉంది, ఈ వారం ఆడిట్ అని రోజుకో మాట. డెబ్బై ఏళ్ళ మనిషి ఎండలో వచ్చి బెంచీ మీద కూర్చుని, పేరు పిలిచేదాకా కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూడ్డం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మేము కొన్న కొన్ని నెలలకే, 2023 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఒక ఆదేశం ఇచ్చింది. లోన్ తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ కాగితాలు తిరిగివ్వాలి, రిజిస్టర్ అయిన ఛార్జీలు తొలగించాలి, వాళ్ళ వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు చెల్లించాలి. ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీ ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళు ఎప్పుడో లోన్ తీర్చేసి ఉంటే ఒకసారి ఈసీ తీసి చూడండి. అమ్మే రోజుదాకా ఆగొద్దు.

లోన్ సంగతి త్వరగానే అయింది. 30 లక్షల నుంచి 75 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం దాకా ఇస్తారు. మాకు 42 లక్షలు వచ్చింది, 8.6 శాతం వడ్డీ, 20 ఏళ్ళు, నెలకి దాదాపు 36,700. బ్యాంకు ప్యానెల్ లాయరు స్థలం ఓనర్లలో ఒకరు చనిపోయినందుకు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగారు, అసోసియేషన్ సెక్రటరీ పాత ఫైల్లోంచి వెతికి ఇచ్చారు. లోన్‌తో పాటు లక్ష పైన ప్రీమియం ఒకేసారి కట్టే ఇన్సూరెన్స్ తప్పనిసరి అన్నట్టు చెప్పారు. తప్పనిసరి అని రాసి ఇమ్మంటే ఇవ్వలేదు. మావారు విడిగా టర్మ్ పాలసీ తీసుకున్నారు.

మేము లెక్క తప్పింది రిజిస్ట్రేషన్ ఖర్చు దగ్గర. మిగతా 12 లక్షలు చేతిలో ఉంటే చాలనుకున్నాం. స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, మొత్తం 7.5 శాతం. 2021 జులైకి ముందు ఇది 6 శాతం ఉండేది. 54 లక్షల మీద 4 లక్షల 5 వేలు, పైన మ్యుటేషన్‌కి (రికార్డుల్లో పేరు మార్పుకి) 0.1 శాతం అంటే 5,400. ఇది లోన్‌లో కలపరు, మొత్తం మన చేతి నుంచే. ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్, మా ఎంఓడీటీ ఖర్చులు ఇంకో అరవై వేలు. చిట్టీ పాడాం, మావారి పీఎఫ్‌లోంచి అడ్వాన్సు తీశాం. అప్పటికీ తక్కువైతే నా పెళ్ళి నాటి గాజులు నాలుగు బ్యాంకులో పెట్టాను. ఏడు నెలలకు విడిపించుకున్నాను.

ఇంకొకటి, 50 లక్షలు, ఆపైన ఇంటికి కొనేవాళ్ళే 1 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. విడతలుగా ఇస్తే విడత విడతకీ పట్టుకోవాలి. "ఆ 54 వేలు మాకు తగ్గిస్తారేంటమ్మా?" అని ఆంటీ బాధపడ్డారు. అది ఆవిడ పాన్ మీదే జమ అవుతుందని, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుందని ఫోన్‌లో చూపించాక కుదుటపడ్డారు. మేమిద్దరం కలిసి కొంటున్నాం కాబట్టి అప్పట్లో ఇద్దరి పాన్ నంబర్ల మీద వేరువేరుగా 26క్యూబీ ఫారాలు నింపాల్సి వచ్చింది. పట్టుకున్న నెల చివరి నుంచి 30 రోజులే గడువు.

దస్తావేజు డ్రాఫ్ట్ వచ్చాక భీమవరానికి వాట్సాప్ చేశాను. అరగంటలో ఫోన్. "తూర్పు కారిడార్, పడమర ఓపెన్ టు స్కై అని రాశాడు. మీది పడమర ముఖం అన్నావు కదా, కారిడార్ పడమర ఉండాలి." తలుపు తీస్తే కారిడార్, బాల్కనీ తూర్పున. నిజమే, హద్దులు తారుమారయ్యాయి. అలాగే రిజిస్టర్ అయిపోతే సవరణ దస్తావేజు రాయించుకోవడానికి మళ్ళీ ఆంటీ బెంగళూరు నుంచి రావాల్సి వచ్చేది. మావారి ఇంటిపేరు ఆధార్‌లో పూర్తిగా, పాన్‌లో పొడి అక్షరంగా ఉందని కూడా ఆయనే పట్టుకున్నాడు.

జూన్ రెండో వారం రిజిస్ట్రేషన్. పదిన్నరకు వెళ్తే మధ్యాహ్నం రెండున్నరకు పిలిచారు. ఫొటో దిగాం, నేను, మావారు వేలిముద్రలు వేశాం. ఆంటీ బొటనవేలు మెషిన్‌కి అందలేదు. రెండోసారి, మూడోసారి. ఆవిడ వేళ్ళు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఆపరేటర్ తడిగుడ్డతో తుడవమన్నాడు, ఆరనివ్వమన్నాడు, చూపుడు వేలు పెట్టమన్నాడు. ఆవిడ కొంగుతో వేళ్ళు రుద్దుకుంటూ "నలభై ఏళ్ళు గిన్నెలు తోమిన చేతులు నాయనా" అంది. ఎడమచేతి మధ్యవేలు ఐదోసారికి అందుకుంది. ఇల్లు ఆవిడ పేరు మీంచి మా పేరు మీదికి వచ్చిన క్షణం అదే. నేను సంతోషించాలో, ఆవిడ చేయి పట్టుకోవాలో తెలియక పక్కన నిలబడ్డాను. బ్యాంకు నుంచి వచ్చిన అబ్బాయి 42 లక్షల డీడీ ఆంటీ చేతికిచ్చి, లింక్ డాక్యుమెంట్లతో పాటు మా దస్తావేజు కూడా స్కానింగ్ కాగానే నేరుగా తీసుకునేలా రాయించుకున్నాడు. మాకు మిగిలింది జిరాక్సు, ఏయే ఒరిజినల్స్ బ్యాంకు దగ్గర ఉన్నాయో రాసిన జాబితా. ఆ జాబితాలో పేజీల సంఖ్యతో సహా సరిచూసుకుని, ముద్ర వేయించుకుని తీసుకోండి. ఇరవై ఏళ్ళ తర్వాత అడగాల్సింది దాన్ని చూపించే.

తాళాలు ఇచ్చేటప్పుడు అంకుల్ ఒక పాత డైరీ ఇచ్చారు. బోరు మోటారు ఎప్పుడు మార్చారో, వంటింటి పైపు ఏ గోడలో ఏ ఎత్తున పోతుందో, బాత్‌రూములో ఏ మూల నీరు దిగుతుందో అన్నీ తేదీలతో రాసి పెట్టారు. ఆ నీరు దిగే సంగతి దాచిపెట్టొచ్చు, రాసిచ్చారు. ముందు ఆ మూల బాగుచేయించాకే రంగులు వేయించాం.

శ్రావణంలో గృహప్రవేశం. పాలు పొంగాయి, వ్రతం అయింది, కింద పార్కింగ్‌లో బంతి భోజనాలు పెట్టాం. ఆఖరి బంతి అయ్యాక మావయ్య కనపడలేదు. వెతుక్కుంటూ పైకి వెళ్తే, ఖాళీ హాల్లో చాప మీద గోడకి ఆనుకుని, ఎప్పుడు తీసుకున్నాడో మా దస్తావేజు జిరాక్సు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పాప స్కేలు చేతిలో ఉంది. హద్దుల దగ్గర మొదలుపెట్టి, తూర్పు చదివి తలెత్తి బాల్కనీ వైపు చూశాడు, పడమర చదివి గుమ్మం వైపు చూశాడు, పెన్సిల్‌తో టిక్కు పెట్టి స్కేలు కిందికి జరిపాడు.